పాత లెన్సు, కొత్త సెన్సారు, సూరమ్మ పోగు

దుకాణం మూసేసి రెండేళ్లయింది. అయినా శ్రీకాకుళంలో కెమెరా మెడలో వేసుకున్న పిల్లలందరికీ మా ఇల్లు తెలుసు. నాన్న బీరువాలోనో, తాత ట్రంకుపెట్టెలోనో దొరికిన లెన్సు ఒకటి చేతిరుమాల్లో చుట్టుకుని వస్తారు. టీ తాగినంతసేపూ ఆ మాటా ఈ మాటా చెప్పి, లేచే ముందు అసలు సంగతి బయటపెడతారు. "బాబాయ్, ఇది ఫిల్మ్ కెమెరాది కదా. డిజిటల్‌కి పనికొస్తాదేటి?"

ఈ ప్రశ్నకి నా వృత్తిలో రెండుసార్లు జవాబు చెప్పాను. ఒకసారి గట్టిగా "వస్తుంది" అన్నాను. ఆ తర్వాత అంతకంటే గట్టిగా "రాదు" అన్నాను. రెండూ తప్పే. మొదటి తప్పుకి నాకు తలవంపులు వచ్చాయి, సరిపోయింది. రెండో తప్పుకి మాత్రం నష్టపోయింది నేను కాదు, పొందూరులో నూలు వడికే సూరమ్మ అనే ఆవిడ. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఆవిడ సంగతి తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. నాకొచ్చిన సన్మానాలూ, శాలువాలూ మీకెందుకూ పనికిరావు కాబట్టి వాటి ఊసు ఎత్తను.

ఆదివారం ఎండ

నేను పని నేర్చుకున్నది విజయనగరంలో, గంగరాజు మాస్టారి స్టూడియోలో. మెచ్చుకోలు ఆయన నోట రావడం నేను వినలేదు. తిట్టు మాత్రం ఎవరికి తగ్గది వాళ్లకి ఉండేది. ఫోటో తీయడం నేర్పడానికి ముందు ఏడాదిపాటు నాచేత అద్దాలు తుడిపించారు.

ప్రతి ఆదివారం పొద్దున్నే లెన్సులన్నీ మూతలు తీసి, మేడ మీద వడియాలు ఎండబెట్టినట్టు వరసగా పెట్టాలి. మన తీరం గాలిలో తేమ ఎక్కువ. నాలుగు నెలలు పెట్టెలో ఉంచితే లెన్సు లోపల సాలెగూడులాంటి బూజు పడుతుంది. "ఒరే, గాజైనా గాలి పీల్చాలిరా. మూసి పెట్టేస్తే బూజు పట్టదేటి?" అనేవారు మాస్టారు. నేను వెళ్లిన రెండో వారమే ఒక లెన్సుని సూర్యుడికి ఎదురుగా పెట్టి కిందికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి దాని వెనక ఆరేసిన ఆయన తువ్వాలుకి రూపాయి బిళ్లంత చిల్లు పడి పొగ వస్తోంది. ఆ తువ్వాలు ఆయన పారేయలేదు. నేనేదైనా గొప్పలు పోయినప్పుడల్లా ఆ చిల్లులోంచి నన్ను చూసేవారు.

ఆయన నేర్పిన సూత్రాల్లో ఒకటి, గ్రూపు ఫోటో ఎప్పుడూ పదహారులోనే తీయాలని. అంటే లెన్సు లోపలి రంధ్రాన్ని బాగా మూసేసి తీయడం. అలా తీస్తే ముందు వరసా వెనక వరసా ఒకేలా స్పష్టంగా వస్తాయి. "ఎనక వరసలో నిలబడ్డోడు కూడా పెళ్లికొచ్చినోడేరా" అనేవారు. నేను శ్రీకాకుళంలో సొంతంగా దుకాణం పెట్టుకుంటున్నానని చెప్పినప్పుడు లోపలికెళ్లి, తను వాడే యాభై మిల్లీమీటర్ల లెన్సు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ లెన్సుతో పదిహేనేళ్లు పెళ్లిళ్లు తీశాను. దాన్ని మేమంతా 'యాభై' అనే పిలిచేవాళ్లం.

కాళ్లు సముద్రంలో పెట్టి తీసిన ఫోటో

డిజిటల్ కెమెరా కొన్న మొదటి సీజను అది. మాస్టారి యాభై ఆ కొత్త కెమెరాకి టక్కున బిగిసింది. బిగిసింది కాబట్టి పనికొస్తుందనుకున్నాను. మీలో చాలామంది ఇప్పటికీ చేసే పొరపాటు ఇదే. కెమెరా లోపల వెలుతురు కొలిచే మీటరు ఈ లెన్సుతో పనిచేయకపోయినా దిగులు పడలేదు, ఎండ చూసి లెక్క కట్టడం మాకు అలవాటే కదా.

సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల ఊళ్లో పెళ్లి. ఇసుక మీద అరవైమంది దాకా వరసలు కట్టారు. మధ్యలో కుర్చీ వేసి పెళ్లికొడుకు నాయనమ్మని కూర్చోబెట్టారు. నేను ఎప్పుడూ నిలబడేంత దూరంలో నిలబడి చూస్తే అటు పదిమంది, ఇటు పదిమంది తెగిపోతున్నారు. ఆ కెమెరాలో ఫిల్మ్ బదులు వెలుతురు పట్టే సెన్సారు ఫిల్మ్ కంటే చిన్నది. లెన్సు చూపించేదాంట్లో మధ్య భాగమే తీసుకుంటుంది. ఆ సంగతి కాగితం మీద చదివాను గానీ కాళ్లకి తెలియలేదు. వెనక్కి జరుగుతూ జరుగుతూ మోకాళ్ల దాకా అలల్లోకి వెళ్లిపోయాను. "ఓ ఫోటో బాబూ! ఇంకో రెండడుగులేస్తే మా వల్లో పడతావు!" అని ఎవరో అరిచారు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే ఫోటో తీశాను, మాస్టారు చెప్పినట్టు పదహారులో.

దుకాణానికొచ్చి కంప్యూటర్లో చూశాను. ఫోటో నడిమధ్యన గుండ్రంగా, పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చ. ఆ మచ్చ సరిగ్గా నాయనమ్మ మొహం మీద ఉంది. పది ఫోటోలు తీస్తే పదింటిలోనూ అంతే.

కారణం తర్వాత తెలిసింది. ఫిల్మ్ మీద మెరుపు తక్కువ. సెన్సారు ముందు గాజు ఉంటుంది, అది అద్దంలా మెరుస్తుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురు సెన్సారుకి తగిలి, తిరిగి లెన్సు వెనక గాజు మీద పడి, మళ్లీ సెన్సారు మీదకే వస్తుంది. కొత్త లెన్సుల వెనక గాజుకి ఈ ఎదురు వెలుతురు ఆపే పూత బాగా పూస్తారు. ఫిల్మ్ కాలంలో ఆ అవసరం అంతగా లేదు. పైగా రంధ్రం మూసినకొద్దీ ఆ మచ్చ గడ్డకట్టినట్టు తేలుతుంది. తెరిచి ఉంచితే అంతా పలచగా పరుచుకుపోయి కనిపించదు. ఫిల్మ్ మీద ఇన్నేళ్లూ నన్ను కాపాడిన పదహారే ఇక్కడ నా కొంప ముంచింది.

మళ్లీ తీద్దామని వెళ్లేసరికి మగవాళ్లలో సగంమంది గుజరాత్ బోట్ల మీద వేటకి వెళ్లిపోయారు. ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. నాయనమ్మ ఆ ఫోటో చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "నా మొగానికి సున్నం కొట్టినావేటి బాబూ?" అంది. ఆవిడ కోప్పడలేదు. ఆవిడని ఒక్కదాన్నీ కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ ఫోటో తీసి ఇచ్చాను. ఆ అరవైమందినీ ఒకచోట మళ్లీ తీయడం మాత్రం కుదరలేదు.

ఆ రోజు సిగ్గుతో ఇంటికొచ్చి యాభైని పెట్టెలో పడేశాను. అప్పటినుంచి ఎవరడిగినా నాది ఒకటే మాట, ఫిల్మ్ లెన్సులు డిజిటల్‌కి చెత్త అని. దెబ్బ తిన్నవాడు చెప్పే మాటకి బలం ఎక్కువ. అందరూ నమ్మారు.

సింహాచలం తెచ్చిన పంచె

కొన్నేళ్లకి మంచి కెమెరా, దానికి తగ్గ కొత్త లెన్సు కొన్నాను. పాత మోడళ్లలో సెన్సారు ముందు చిత్రాన్ని కాస్త మెత్తబరిచే పొర ఒకటి ఉండేది. ఈ మోడల్లో అది తీసేశారు. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. పాత లెన్సు మొహం చూడకుండా ఆ పదునుకే నేను మురిసిపోయాను.

అప్పుడు పొందూరు నుంచి సింహాచలం అనే నేతగాడు ఒక తెల్ల పంచె తెచ్చాడు. పట్నంలో ఎవరో నేత బట్టల ప్రదర్శన పెడుతున్నారు. ముందు ఫోటోలు చూసి, నచ్చినవాటినే పిలుస్తారు. పొందూరు గుడ్డ ఎలా పుడుతుందో తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్తాను. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. ఆ సన్నటి పళ్లకి చెత్తంతా పోతుంది. ఆ దూదితో రాట్నం మీద వెంట్రుక లాంటి నూలు తీస్తారు. ఆ పంచెకి నూలంతా వడికింది సూరమ్మ. నేను అప్పటికి ఆవిడని చూడలేదు.

తెల్ల గుడ్డ కదా, నా చేతుల మురికి అంటుతుందని ముట్టుకోనైనా లేదు. సింహాచలమే పరిచాడు. స్టాండు మీద కెమెరా పెట్టి తీశాను. కెమెరా తెర మీద చూస్తే గుడ్డ మీద లేత ఆకుపచ్చ, గులాబీ రంగు అలలు లీలగా కనబడ్డాయి. తెర లోపమేమో అనుకున్నాను. కంప్యూటర్లోనూ అక్కడక్కడా ఉన్నాయి. అప్పుడు నేనేమనుకున్నానో దాచకుండా చెప్తాను. గుడ్డలోనే ఏదో తేడా ఉందనుకున్నాను. ఫోటోలు అలాగే పంపించేశాను.

వారంలో జవాబు వచ్చింది. గుడ్డ మీద రంగు చారలున్నాయి, మిల్లు నూలు కలిపారని అనుమానంగా ఉంది, తీసుకోలేం అని. సింహాచలం ఫోన్ చేశాడు. "ఫోటోలో ఏటైనా తేడా వచ్చిందేటి బాబూ?" అని మెల్లగా అడిగాడు. నేను చిరాకుపడ్డాను. "కెమెరా అబద్ధం చెప్పదు సింహాచలం" అన్నాను.

ఆ మాట నేను మర్చిపోయాను. అది పొందూరు చేరింది.

"రంగేటున్నాదో సూపించు"

పది రోజులకి, దుకాణం తెరిచేసరికి మెట్టు మీద ఒకావిడ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. ఒళ్లో గుడ్డ మూట. "ఫోటో బాబువి నువ్వేనా?" అంది. అవునన్నాను.

"నాను సూరమ్మని. కెమెరా అబద్ధం సెప్పదన్నావంట. నాను సెప్పుతానేటి మరి?"

ఆవిడ లోపలికొచ్చి నా బల్ల మీద సామానంతా చేత్తో పక్కకి తోసి పంచె పరిచింది. "రంగేటున్నాదో సూపించు. ముట్టుకో. ముట్టుకుంటే మాసిపోదు."

మొదటిసారి ఆ గుడ్డ ముట్టుకున్నాను. కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా రంగు లేదు, పాల తెలుపు.

ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్పింది. వాళ్ల దగ్గర నూలు మీద ఎవరి పేరూ రాసి ఉండదు. పోగు వేళ్ల మధ్య పట్టుకుని ఎవరు వడికిందో చెప్పేస్తారు. నలభై ఏళ్లుగా ఆవిడ నూలుకి ఎవరూ వంక పెట్టలేదు. ఇప్పుడు సింహాచలం ఆవిడ నూలు మగ్గానికి ఎక్కించడం మానేసి అటక మీద పెట్టాడు. అందరూ కూర్చుని వడికే షెడ్డులో తోటి ఆడవాళ్లు ఏమీ అనడం లేదట. ఆవిడ వెళ్లగానే మాటలు ఆపేస్తున్నారట. "అంటే బాగుండును బాబూ. అడిగితే సెప్పుకుందును" అంది. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. సముద్రం ఒడ్డున పడ్డ సిగ్గు దీని ముందు ఏమీ కాదు.

"అప్పా, సాయంత్రం దాకా కూర్చో. ఇది తేల్చకుండా నిన్ను పంపను" అన్నాను, మా వైపు అక్కని పిలిచినట్టు.

దోమతెర

కొత్త లెన్సుతోనే మళ్లీ తీశాను. మళ్లీ అవే అలలు. గుడ్డ కాస్త తిప్పి తీస్తే అలలూ తిరిగాయి. స్టాండు రెండడుగులు వెనక్కి జరిపితే ఒకచోట పోయి ఇంకోచోట తేలాయి. గుడ్డలో ఉన్న రంగైతే అలా నడుస్తుందా? అప్పుడు వెలిగింది నాకు.

ఇంట్లో దోమతెర రెండు మడతలు వేసి వెలుతురుకి పట్టుకుని చూడండి. తెరలో లేని అలలు కదులుతూ కనబడతాయి. ఒక గళ్ల వరస మీద ఇంకో గళ్ల వరస పడితే అంతే. సూరమ్మ పోగులు ఒక వరస, నా సెన్సారులోని గళ్లు ఇంకో వరస. ఆ పోగులు అంత సన్నంగా, అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టే ఆ గొడవ. లెన్సుకి పదునెక్కువై ప్రతి పోగునీ తీసుకెళ్లి సెన్సారు మీద పెట్టింది, సెన్సారు లెక్క తప్పింది. ముతక గుడ్డైతే ఈ నింద పడేది కాదు. నాణ్యమే ఆవిడ మీదకి తిరగబడింది.

అప్పుడు పెట్టె తెరిచాను. మాస్టారి యాభై లోపల ఒక మూల బూజు పట్టడం మొదలైంది, ఎండ చూపించక. తుడిచి, రంధ్రం పూర్తిగా తెరిచి పెట్టి తీశాను. తెరిచి పెడితే ఆ లెన్సు కాస్త మెత్తగా చూస్తుంది. మాస్టారు అలా వాడినందుకు నన్ను తిట్టేవారు. ఆ మెత్తదనంలో పోగులు సెన్సారు దాకా వెళ్లేలోపే కలిసిపోయాయి. అలలు లేవు. తెల్ల మచ్చా లేదు, రంధ్రం మూయలేదు కాబట్టి. తెల్లటి పంచె, తెల్లగా వచ్చింది.

గర్వంగా సూరమ్మకి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "బాగున్నాది. గానీ ఇందులో నా నూలేది? మిల్లు పంచె తీసినా ఇలాగే వస్తాది కదా."

నిజమే. నింద మిల్లు నూలు కలిపారని. నేను తీసిన ఫోటో చారలు పోగొట్టింది గానీ ఆ నిందకి జవాబు చెప్పలేదు.

లెన్సు తిరగేసి

మాస్టారి దగ్గర నేర్చుకున్న పాత పద్ధతి ఒకటుంది. యాభై లెన్సుని తిరగేసి, ముందు భాగం కెమెరా వైపు పెట్టి, ఒక చిన్న రింగుతో బిగిస్తే అది భూతద్దంలా పనిచేస్తుంది. పాత లెన్సుకి రంధ్రం తిప్పే చక్రం లెన్సు మీదే ఉంటుంది కాబట్టి తిరగేసినా చేత్తో తిప్పుకోవచ్చు. నా ఖరీదైన కొత్త లెన్సుకి ఆ చక్రమే లేదు. తిరగేస్తే గుడ్డిదైపోతుంది.

గుడ్డని గాజు పలక మీద బిగుతుగా పరిచి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టాను. అంత దగ్గరనుంచి ఊపిరి తగిలినా చిత్రం చెదురుతుంది. సూరమ్మని కూడా ఊపిరి బిగబట్టమన్నాను. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది. తర్వాత నేను కట్టుకున్న మిల్లు పంచె అంచు కూడా అలాగే తీశాను.

రెండూ పక్కపక్కన తెర మీద పెట్టాను. మిల్లు నూలు ఇనప తీగలా ఒకే లావున ఉంది. సూరమ్మ పోగులు పడవ తాళ్లలా కనబడ్డాయి. ఒక్కోదాని మెలి ఒక్కోలా ఉంది, పక్కలనుంచి సన్నటి నూగు లేచి ఉంది. చేత్తో వడికింది కాదని ఇక ఎవరూ అనలేరు.

"ఓలమ్మా! నా పోగులేనేటి ఇవి?" అని ఆవిడ తెరకి దగ్గరగా జరిగింది. ఒక్కో పోగు మీదా వేలు పెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ పోగు కాస్త లావుగా ఉబ్బి, మళ్లీ సన్నబడింది.

"ఇదిగో సూడు బాబూ. ఇక్కడ నాకు దగ్గొచ్చినాది."

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను తెర వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించాను.

షెడ్డులో

ప్రదర్శనవాళ్లకి మూడు ఫోటోలూ, తప్పు నాదని ఒక ఉత్తరమూ పంపాను. వాళ్లు పంచెని పిలిపించుకున్నారు. అది వాళ్ల మంచితనం. కానీ ఆ సాయంత్రం లేచి వెళ్తూ సూరమ్మ అడిగింది అది కాదు. "ఆ మాట షెడ్డుకొచ్చి సెప్పు. ఇక్కడినుంచి పుట్టిన మాట కదా" అంది.

మర్నాడు పొందూరు వెళ్లాను. పదిహేనుమంది దాకా రాట్నాల ముందు కూర్చుని ఉన్నారు. నేను ఏం మాట్లాడాలో బస్సులో ఎంతో అనుకున్నాను, అక్కడికెళ్లేసరికి అంతా పోయింది. "కెమెరా అబద్ధం చెప్పదన్నాను. చెప్పింది. నేను గుడ్డ ముట్టుకోకుండా, చూడకుండా ఆ మాట అన్నాను. సూరమ్మప్ప నూలులో ఏ తేడా లేదు" అన్నాను. ఫోటోలు చేతులు మారాయి.

చివరికి మూలనుంచి ఒక ముసలావిడ, చేతిలో చేప దవడ పట్టుకునే, "అయితే కెమెరా కూడా మగోడేనన్నమాట. తప్పు ఒప్పుకోడానికి ఇన్నాళ్లు పట్టినాది" అంది. షెడ్డంతా గొల్లున నవ్వింది.

సింహాచలం తలొంచుకుని వెళ్లి అటక మీది నూలు దించాడు. "రేపు పొద్దున్న మొదలెడతానప్పా" అన్నాడు.

"రేపెందుకు? ఇప్పుడే కండెలు సుట్టు" అంది సూరమ్మ. మగ్గానికి నూలు చుట్టే ఆ మొదటి కండె నిండేదాకా అక్కడినుంచి కదల్లేదు.

మీ ప్రశ్నకి

ఇప్పుడు మీరు తెచ్చిన లెన్సు సంగతి. వెలుతురుకి పట్టి లోపల బూజు చూడండి. మీ సెన్సారు చిన్నదైతే వెనక్కి జరగడానికి చోటుందో లేదో చూసుకోండి, సముద్రం మీకోసం జరగదు. రంధ్రం తెరిచి ఒకటి, సగం మూసి ఒకటి, బాగా మూసి ఒకటి తీసి, నడిమధ్యన మచ్చ వస్తోందేమో పెద్ద తెర మీద చూడండి. తెల్ల గుడ్డ అంచున, ఆకాశం ముందున్న కొమ్మల అంచున ఊదా రంగు గీత వస్తుంది, అది చాలా పాత లెన్సులకి ఉన్న జబ్బే. ఆదివారం ఎండ చూపించండి, వెనక తువ్వాలు మాత్రం ఆరేయకండి. ఏ లెన్సుకి ఏ పని చేతనవునో కనుక్కోండి. మంచిదా చెడ్డదా అని నన్నడగకండి. నేను రెండుసార్లు తీర్పు చెప్పి రెండుసార్లూ ఓడిపోయాను.

ఇంకొకటి. ఫోటోలో ఏదైనా వింతగా కనబడితే, ముందు మీ లెన్సునీ, మీ కెమెరానీ, మిమ్మల్నీ అనుమానించండి. ఎదుటి మనిషి పనిని అందరి తర్వాత అనుమానించండి.

మొన్న పొందూరు వెళ్లి సూరమ్మని చూసొచ్చాను. చేతులు వణుకుతున్నాయని వడకడం మానేసింది. ప్రదర్శనలో పెట్టిన పంచె ఫోటో ఇంట్లో ఎక్కడా లేదు. గుమ్మానికి ఎదురుగా గోడ మీద అద్దం కట్టించి పెట్టుకున్నది ఆ తాళ్లలాంటి పోగుల ఫోటో. కొత్తగా వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారట.

"ఏటని చెప్తావప్పా?" అన్నాను.

"నా దగ్గని సెప్తాను" అంది.